కండెల చప్పుడు వింటూ రాసిన మనిషి

ఫ్రాన్సు కొండల్లో మా ఊరు షాంబ్రోల్‌లో లేసు వీధి ఇప్పుడు పేరుకే మిగిలింది. కిటికీల కింద రాతి అరుగులు అలాగే ఉన్నాయి, వాటి మీద కూర్చునే ఆడవాళ్ళే లేరు. ఒకప్పుడు వేసవి మధ్యాహ్నం ఆ వీధి మొదట్లో నిలబడితే పెంకుల మీద సన్నటి వాన పడుతున్నట్టు చప్పుడు వినిపించేది. తలెత్తి చూస్తే ఆకాశం నీలంగా ఉండేది. అది వాన కాదు, కండెల చప్పుడు. ప్రతి ఆడమనిషి ఒళ్ళో ఒక లేసు దిండు, దిండుకు గుండుసూదులతో గుచ్చిన నమూనా అట్ట, దాని నుంచి దారాలకు వేలాడే చెక్క కండెలు. చేతులు వాటిని ఒకదాని మీంచి ఒకటి దాటించి మెలిపెడుతుంటే కండెకు కండె తగిలి చిటచిటలాడేది. అలా సందె దాకా.

యులాలీ షబ్రియే ఆ చప్పుడులోనే పుట్టి పెరిగింది. ఈ ఊరివాళ్ళకు ఆమె నవలలు రాసిన మనిషి, 'కొండగంట' వారపత్రికకు జీవితమంతా వార్తలు రాసిన మనిషి. పారిస్ వాళ్ళకు ఆమె ఎవరో తెలియదు. ఆమె నవల ఒక్కటీ అట్ట వేసుకుని పుస్తకాల షాపులో కూర్చోలేదు. అన్నీ పత్రిక మొదటి పేజీ అడుగున, అడ్డగీత కింద, వారం వారం వచ్చినవే. ఆడవాళ్ళు ఆ ముక్కలు కత్తిరించి, లేసు దారంతో కుట్టి, దుప్పట్ల బీరువాలో దాచుకునేవాళ్ళు.

యులాలీ తల్లి అపొలోనీ. వీధిలో అంతటి పనిమంతురాలు లేదు. ఆమె చేతులు ఆగడం ఎవరూ చూడలేదు. శవయాత్ర వస్తే అందరూ దిండ్లు పక్కన పెట్టి లేచేవారు. అపొలోనీ లేచేది, తల వంచేది, నడుముకు ఆనించిన దిండు మీద చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోయేవి. ఒకసారి వడగళ్ళు పడితే అందరూ లోపలికి పరుగెత్తారు. ఆమె శాలువా తీసి దిండు మీద కప్పింది. శాలువా కింద కండెలు కదులుతూనే ఉన్నాయి.

"చెవులు వేరు, చేతులు వేరు" అనేది ఆమె. "చెవులు ఏం విన్నా చేతులకేం పని?"

యులాలీకి మాత్రం చెవులూ చేతులూ ఒకటే. వీధి చివర బెయాత్ ఉర్స్యూల్ ఉండేది. పెళ్ళి చేసుకోకుండా, మఠంలో చేరకుండా, పిల్లలకు జపం, అక్షరాలు, లేసు పని నేర్పుతూ బతికే భక్తురాళ్ళను మా కొండ మీద బెయాత్ అంటారు. ఆమె లేసు పనివాళ్ళ మధ్య కూర్చుని పునీతుల చరిత్రలు చదివి వినిపించేది. పునీతురాలిని సింహాల ముందుకు తోసిన చోట యులాలీ చేతులు ఆగిపోయేవి. సింహాలు కాళ్ళు నాకేదాకా మళ్ళీ కదిలేవి కావు. సాయంత్రానికి అందరి దిండ్ల మీదా లేసు పెరిగేది, యులాలీ దిండు మీద పొద్దున ఎంత ఉందో అంతే ఉండేది.

చివరికి అపొలోనీ కూతుర్ని చెయ్యి పట్టుకుని పత్రిక ఆఫీసుకు తీసుకెళ్ళింది. అక్కడ యజమాని, సంపాదకుడు, ముద్రాపకుడు అన్నీ ఫయోల్ ఒక్కడే. ఊరంతా అతన్ని 'మొస్సియో', అంటే అయ్యగారూ, అని పిలిచేది.

"దీనికి మాట వినబడితే చేతులు ఆగిపోతాయి మొస్సియో. మాటలుండని పనేదన్నా ఉంటే ఇవ్వండి."

"ఇక్కడి సీసపు అక్షరాలు మాట్లాడవు అపొలోనమ్మా" అన్నాడు ఫయోల్. "నేను మాత్రం ఆగకుండా మాట్లాడతాను. మా ఆవిడనడగండి."

మొదట కాగితాలు మడతపెట్టే పని. తర్వాత అక్షరాలు పేర్చే పని. ఆశ్చర్యం ఏమిటంటే అక్కడ యులాలీ చేతులు ఆగలేదు. అరల్లోంచి సీసపు అక్షరాలు ఒక్కొక్కటే తీసి, ఎడమచేతిలోని ఇనుప పట్టీలో తలకిందులుగా పేర్చడంలో ఆమె కొన్నేళ్ళకే యజమానిని మించిపోయింది. చేతుల్లోంచే మాట పుడుతుంటే ఇక ఆగడమెందుకు?

ఆ రోజుల్లో 'కొండగంట'లో వచ్చే నవల పారిస్ సరుకు. ఒక ఏజెన్సీ వాళ్ళు దేశంలో చిన్న పత్రికలన్నిటికీ ఒకే నవల అమ్మేవారు. ఏ వారానికావారం భాగం సీసంలో పోతపోసి, పలకలుగా, రైల్లో పంపేవారు. పేజీ అడుగున బిగించి అచ్చు వేసుకోవడమే. శుక్రవారం సంత, గురువారం సాయంత్రానికి అచ్చు పూర్తి కావాలి.

ఆ చలికాలం బుర్ల్ లేచింది. పడ్డ మంచును మళ్ళీ లేపి గోడల్లా పేర్చే గాలి అది. కొండ కింద, రాతిని తొలిచి వేసిన పట్టాల దారిలో రైలు కూరుకుపోయింది. పలకలు అందులోనే ఉన్నాయి.

ఫయోల్ పేజీ ముందు నిలబడి గడ్డం గీరుకున్నాడు. "అడుగున ఖాళీ వదిలితే బట్టతలలా ఉంటుంది. పందుల జబ్బుకి మందు వేద్దామా?"

"పోయినవారం వేశాం మొస్సియో."

"అయితే ఆవుల జబ్బుకి."

"అంతకు ముందు వారం."

అతను విసుక్కుంటూ భోజనానికి వెళ్ళాడు. యులాలీ పట్టీ చేతిలోకి తీసుకుంది. పోయినవారం కథ ఎక్కడ ఆగిందో ఆమెకు గుర్తుంది. ఒర్తాన్స్ అనే దొరసానిని దుర్మార్గుడైన మేనమామ సెన్ నది ఒడ్డున నేలమాళిగలో పెట్టి తాళం వేశాడు. నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి. కాగితం మీద రాసుకుని, దాన్ని చూసి పేర్చే వ్యవధి లేదు. నేరుగా సీసంలోనే రాయడం మొదలుపెట్టింది. సీసం బరువు. అక్కర్లేని మాట వేస్తే ముందు చెయ్యి చెబుతుంది. అందుకే వాక్యాలు పొట్టిగా వచ్చాయి. దొరసాని ఏడవడానికి పారిస్ రచయిత ఒక పేరా తీసుకునేవాడు. యులాలీ "ఏడ్చింది" అని వేసి ముందుకు పోయింది. బతికినన్నాళ్ళూ ఆమె అలాగే రాసింది, ముందు కాగితం మీద రాసుకున్న కథ ఒక్కటీ లేదు.

ఫయోల్ తిరిగి వచ్చేసరికి దొరసాని పీపాలు దొర్లించే దారిలోంచి బయటపడి, లేసు వ్యాపారి బండిలో పెట్టెల మధ్య దాక్కుని, మా కొండ మీదికి చేరిపోయింది. అతను చదవకుండానే బిగించి అచ్చు వేశాడు.

మర్నాడు మధ్యాహ్నం బెయాత్ ఇంట్లో ఆడవాళ్ళు కిటికీ దగ్గర గుండ్రంగా కూర్చున్నారు. మధ్యలో నీళ్ళు నింపిన గాజు బుడ్డి, దాని మీద పడ్డ వెలుతురు దిండ్ల మీదికి జారుతోంది. పునీతుల చరిత్ర అయ్యాక బెయాత్ 'కొండగంట' విప్పింది. నవల వినడం పాపం కాదా అని ఎవరో అడిగితే, పత్రిక పేరు పక్కన శిలువ బొమ్మ ఉంది కనక అంటదని ఆమె ఎప్పుడో తేల్చేసింది.

యులాలీ తలుపు దగ్గర, వీపు గోడకానించి నిలబడింది.

కథలో దొరసాని మంచులో నడిచి ఒక ఇంటి తలుపు తడుతుంది. లేసు పనిచేసే ముసలావిడ తలుపు తీసి, కాబేజీ సూపు పోసి, రై రొట్టె విరిచి పెడుతుంది. దొరసాని కళ్ళనీళ్ళతో ఆమె చెయ్యి ముద్దుపెట్టుకోబోతే, "ఊరికే కూర్చుంటే సూపు అరగదు. ఇదిగో దిండు" అంటుంది.

ఒక్కసారిగా కండెలు ఆగాయి. జెలీ విరగబడి నవ్వింది. పక్కింటి జెలీకి నవ్వు వస్తే ఆమె దిండు కూడా నవ్వేది.

"ఇది మన అపొలోనీ మాటే! అచ్చంగా అదే! ఏమే అపొలోనీ, పారిస్ ఎప్పుడెళ్ళొచ్చావే?"

అందరూ నవ్వారు. ఆ నవ్వుల మధ్య ఒకే ఒక్క జత చేతుల కింద కండెలు చిటచిటలాడుతూనే ఉన్నాయి.

"పారిస్‌లోనూ బుద్ధున్న ఆడవాళ్ళు ఉన్నారన్నమాట" అంది అపొలోనీ, తలెత్తకుండా.

యులాలీ ఆ రోజు రెండు సంగతులు తెలుసుకుంది. కండెలు ఆగిన చోట కథ బాగున్నట్టు. తల్లి కండెలు ఆగలేదు.

తర్వాతి వారం రైలు కదిలింది, పలకలు వచ్చాయి. ఫయోల్ హాయిగా ఊపిరి పీల్చుకుని వాటిని బిగించాడు. పారిస్ లెక్కలో దొరసాని ఇంకా నేలమాళిగలోనే ఉంది. నీళ్ళు మెడ దాకా వచ్చాయి.

శుక్రవారం సాయంత్రానికి లేసు వీధి వీధంతా పత్రిక ఆఫీసు ముందు నిలబడింది. కొందరు దిండ్లు చంకన పెట్టుకునే వచ్చారు.

"మొన్న కడుపు నిండా సూపు తాగిన మనిషి మళ్ళీ నీళ్ళలోకి ఎట్లా పోయింది మొస్సియో?" అని జెలీ నిలదీసింది. "బండెక్కడానికి అంత కష్టపడిందే! తిరుగు బండెక్కి మునగడానికి పోయిందా?"

"పారిస్ వాళ్ళు పంపింది వేశానమ్మా…"

బెయాత్ ముందుకు వచ్చింది. "ఒక మనిషిని రెండుసార్లు ముంచడం క్రైస్తవుల పని కాదు ఫయోల్. ఆ పిల్లని పైకి తియ్యి."

ఫయోల్ చేతులెత్తేశాడు. "సూపు కథ నేను రాసింది కాదు. అదిగో, ఆ పిల్ల రాసింది. దాన్నే అడగండి."

అందరూ యులాలీ వైపు తిరిగారు. సీసం మసి చేతులు గౌనుకు తుడుచుకుంటూ ఆమె తల్లి వైపు చూసింది. అపొలోనీ అక్కడికీ దిండు తెచ్చుకుంది. నిలబడే కండెలు తిప్పుతోంది.

"అయితే ఆ ముసలిది నేనా?" అంది.

"అపొలోనీ, నీ సూపు అంత చిక్కగా ఎప్పుడుంది? ఇది నువ్వు కాదులే" అంది జెలీ.

"రాసుకో" అంది తల్లి కూతురితో. "కానీ ఇంటికొచ్చి అంట్లు తోము."

అలా యులాలీ షబ్రియే నవలా రచయిత్రి అయింది. పారిస్ పలకలు ఆగిపోయాయి. ఒర్తాన్స్ దొరసాని మా కొండ మీద ఏడాదికి పైగా ఉంది, లేసు నేర్చుకుంది, మేనమామను జైలుకు పంపింది, పశువుల డాక్టర్ని పెళ్ళాడింది. దాని తర్వాత ఇంకో నవల, దాని తర్వాత ఇంకోటి.

ప్రతి శుక్రవారం యులాలీ ఏదో పని మీద వచ్చినట్టు వచ్చి, ఆడవాళ్ళ వెనక నిలబడేది. వినడానికి వచ్చేది కథ కోసం కాదు, కండెల కోసం. ఏ వాక్యం దగ్గర నెమ్మదించాయి, ఎక్కడ ఆగాయి, ఎక్కడ విసుగుతో జోరందుకున్నాయి. జోరందుకున్న చోటును మనసులో గుర్తుపెట్టుకుని అలాంటిది మళ్ళీ రాసేది కాదు. ఆమెకు వేరే గురువు లేడు.

తల్లి దగ్గర మాత్రం ఆ విద్య పారలేదు. తోడేళ్ళు బండిని చుట్టుముట్టిన వారం జెలీ జపమాల తీసింది. అపొలోనీ కండెలు ఆడుతూనే ఉన్నాయి. గుడిలో ఉంగరం తొడగబోతుండగా పెళ్ళి ఆగిపోయిన వారం ఇద్దరు ఆడవాళ్ళు ఏడ్చారు. అపొలోనీ కండెలు ఆడుతూనే ఉన్నాయి.

"ఎలా ఉందమ్మా?" అని ఒకరోజు పప్పు ఏరుతూ అడిగేసింది.

"బాగానే ఉంది. నా పని చెడలేదు."

అది పొగడ్తో కాదో యులాలీకి అర్థం కాలేదు. తమ్ముడు రెజీస్ పొయ్యి దగ్గర సాక్సులు ఆరేసుకుంటూ నవ్వాడు. రంపపు మిల్లులో పని అతనిది. "అక్కా, అమ్మ చేతులాపాలంటే కథ చాలదు. తాళ్ళు కావాలి."

యులాలీ మాత్రం పంతం పట్టింది. ఊరంతా ఆగినా సరే, ఆ ఒక్క జత చేతులు ఆగనంత కాలం తను రాసేది ఇంకా పని కాదు, మాటలే.

పంతం మనిషిని తొందరపెడుతుంది. ఒక నవలలో పెళ్ళికూతురు తన మేలిముసుగు తనే అల్లుకుంటుంది. చివరి మెలి పడగానే సంతోషం పట్టలేక గుండుసూదులన్నీ చకచకా పీకేసి, లేసును ఎత్తి వెలుతురులో చూసుకుంటుంది. వాక్యం అందంగా ఉందని యులాలీ అనుకుంది.

బెయాత్ చదివింది. గదిలో కండెలన్నీ ఠక్కున ఆగాయి.

నవ్వు మొదలైంది. చివరి అంచున దారాలు ముడివెయ్యకుండా సూదులు పీకితే అప్పుడే అల్లిన లేసంతా చేతిలో కుప్పకూలుతుందని అక్కడ కూర్చున్న పసిపిల్లకు కూడా తెలుసు.

"పాపం, ఆ పిల్ల మేలిముసుగుతో కాదు, చేపల వలతో గుడికెళ్ళాలి!" అంది జెలీ, కళ్ళు తుడుచుకుంటూ.

"నా కడుపున పుట్టింది" అంది అపొలోనీ. "లేసు వీధిలో పుట్టింది. సూదులు పీకుతోంది." ఆ మాట అంటున్నప్పుడు కూడా ఆమె కండెలు ఆడుతూనే ఉన్నాయి. అదే యులాలీని ఎక్కువ కాల్చింది.

ఆ తర్వాత ఆమె కళ్ళతో చూడనిదేదీ రాయలేదు. అప్పటిదాకా ఫయోల్ కూర్చున్న చోటినుంచే వార్తలు అల్లేవాడు. యులాలీ చెక్క జోళ్ళు వేసుకుని నడిచి వెళ్ళేది. పశువుల సంతకు, కొండచరియ విరిగిన చోటికి, పిడుగు పడ్డ గాదె దగ్గరికి. ఆవు చచ్చిపోతే ఆవు రంగు అడిగేది.

"ఆవు రంగు ఎవరిక్కావాలి?" అని ఫయోల్ విసుక్కునేవాడు.

"ఆవు ఎవరిదో వాళ్ళకి."

రైతులు ఆమెను దూరం నుంచే గుర్తుపట్టి, "యులాలీ వస్తోంది, బూట్లు తుడుచుకోండ్రా, లేకపోతే పేడతో సహా పత్రికలో పడతాం" అని అరుచుకునేవారు. ఆమె చూసి రాసిన వార్తలు ఒక పక్క, అక్కడ చూసిన మనుషులు మారుపేర్లతో నవలలో ఇంకో పక్క. ఒక శుక్రవారం ఆవు వార్తల పేజీలో చస్తే, నెల తిరక్కుండా నవల్లో పాలిచ్చేది.

తర్వాత యుద్ధం వచ్చింది. బెయాత్ ఉర్స్యూల్ ఆ మొదటి చలికాలంలోనే కన్నుమూసింది. చదివే పని జెలీ తీసుకుంది. రెజీస్ వెళ్ళిపోయాడు.

చావు కబురు తెచ్చేది మేయరు. నల్లకోటు వేసుకుని వీధి మొదట్లో కనిపిస్తే లేసు వీధిలో కండెలన్నీ ఆగిపోయేవి. ఏ తలుపు ముందు నిలబడతాడో అని అందరూ అతని కాళ్ళు చూసేవారు. ఆ వసంతంలో అతను అపొలోనీ ముందు నిలబడ్డాడు.

"అపొలోనమ్మా…" అన్నాడు, టోపీ తీసి.

ఆమె అతని ముఖం చూసింది. "ఎక్కడ పాతిపెట్టారు?"

"తెలియలేదమ్మా. ఎవరికీ తెలియలేదు."

ఆమె తలూపింది. ఆ నిశ్శబ్దంలో ఆమె కండెలొక్కటే చిటచిటమంటున్నాయి. జెలీ వచ్చి భుజం మీద చెయ్యి వేస్తే, "వెలుతురుకి అడ్డం రాకే" అంది.

యులాలీ ఆ రోజు తల్లిని క్షమించలేకపోయింది. ఆఫీసుకు వెళ్ళి తమ్ముడి పేరు, వయసు, పనిచేసిన మిల్లు పేరు పేర్చి, ఇంకేం వెయ్యలేక పట్టీ కింద పెట్టేసింది. ఆ తర్వాత ఆమెకు కథ రాలేదు. వార్తలు రాసింది, సంత ధరలు వేసింది. పేజీ అడుగున మళ్ళీ పారిస్ పలకలు దిగాయి. ఆడవాళ్ళు మర్యాదకు విన్నారు. ఎవరి కండెలూ ఆగలేదు.

తల్లీకూతుళ్ళు ఒకే ఇంట్లో, ఒకే బల్ల మీద తిని, రెజీస్ పేరు ఎత్తకుండా ఏళ్ళు గడిపారు. యుద్ధం ముగిసింది. మగవాళ్ళు కొందరు తిరిగి వచ్చారు.

ఒక జనవరి మధ్యాహ్నం యులాలీ మంచు దులుపుకుంటూ ఇంట్లోకి వచ్చింది. అపొలోనీ కిటికీ దగ్గర, తలుపుకు వీపు పెట్టి, దిండు మీదికి వంగి ఉంది. తెల్లటి టోపీకీ శాలువాకీ మధ్య మెడ కనిపిస్తోంది, నెరిసిన నూగుతో, ముడతలు పడి. తలుపు చప్పుడుకు ఆ మెడ కొంచెం ముడుచుకుంది. తర్వాత మళ్ళీ వదులైంది. యులాలీ అక్కడే నిలబడిపోయింది. తల్లి దేనికోసం మెడ ముడుచుకుందో ఆమెకు తెలుసు.

మర్నాడు ఫయోల్‌తో, "పారిస్ వాళ్ళకి చెప్పేయండి" అంది.

కొత్త నవలలో యుద్ధం లేదు. మేయరు లేడు. కొండ మీద ఒక ఇల్లు, అందులో ఒక కుటుంబం, వాళ్ళ ఒక్క చలికాలం. వేసవి మొదట్లో, ఆడవాళ్ళు మళ్ళీ అరుగుల మీదికి వచ్చాక, కొడుకు ఇంటికొచ్చే భాగం పడింది. దాన్ని యులాలీ సీసంలో నేరుగా పేర్చింది, ఒక్క అక్షరం కూడా వెనక్కి తీయలేదు. శుక్రవారం జెలీ వెనక గోడకానుకుని నిలబడింది.

జెలీ గొంతు సవరించుకుని చదివింది:

"కొడుకు మంచులోంచి వచ్చాడు. తల్లి కిటికీ దగ్గర పని చేసుకుంటోంది. అతను చప్పుడు చేయకుండా వెనక నిలబడి, గడ్డకట్టిన కుడి చెయ్యి ఆమె మెడ మీద పెట్టాడు. 'చచ్చినోడా!' అంది తల్లి, వెనక్కి తిరగకుండా. అతను నవ్వాడు. చెయ్యి వెచ్చబడేదాకా తీయలేదు. ఆమె తియ్యమనలేదు."

వీధి మొదటినుంచి చివరిదాకా కండెలు ఆగాయి. ఎవరూ నవ్వలేదు. జెలీ కూడా తర్వాతి వాక్యానికి వెళ్ళలేకపోయింది.

అపొలోనీ కండెలు ఆడుతున్నాయి. అదే వేగం, అదే చిటచిట.

యులాలీ ఇంక అక్కడ నిలబడలేకపోయింది. నది దాకా నడిచింది, వంతెన మీద కాసేపు నీళ్ళు చూసింది. ఇంతకంటే తన దగ్గర ఏమీ లేదు. ఉన్నదంతా పేర్చేసింది. ఫయోల్‌కి పారిస్ వాళ్ళను మళ్ళీ పిలవమని చెప్పాలనుకుంది. పొద్దు ఇంకా ఉండగానే ఇంటికి తిరిగి వచ్చింది.

అపొలోనీ ఇంకా అరుగు మీదే ఉంది. వీధిలో ఇంకెవరూ లేరు. దిండు మీద గుండుసూదులు ఒక్కొక్కటే తీసి నోట్లో పెట్టుకుంటోంది. కండెల్ని ముందుకు కాదు, వెనక్కి తిప్పుతోంది. అల్లిన లేసు విప్పుతోంది. ఎక్కడో తప్పు మెలి పడింది, దాని మీద సాయంత్రం దాకా అల్లుకుపోయింది. జానెడు లేసు పాడైంది.

తల్లి లేసు విప్పడం యులాలీ పుట్టాక చూడలేదు.

"ఏమైందమ్మా?"

"వెలుతురు చాల్లేదు."

వీధంతా ఎండ పచ్చగా పడుతోంది. యులాలీ పక్కన కూర్చుంది. అపొలోనీ నోట్లో సూదులు తీసి దిండుకు గుచ్చింది. చాలాసేపు విప్పింది.

"ఎడమ చెయ్యి" అంది చివరికి.

"ఏంటమ్మా?"

"వాడి కుడి చంకలో మిల్లు నుంచి తెచ్చే కట్టెలు ఉండేవి. ఖాళీగా ఉండేది ఎడమ చెయ్యే. కుడి అని రాశావు." తల తిప్పి కూతుర్ని చూసింది. "నువ్వు చూసి రాస్తావంటారు ఊళ్ళో వాళ్ళు."

మర్నాడు యులాలీ చెప్పింది విని ఫయోల్ కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకున్నాడు.

"నవలకి సవరణా? మేయరు ప్రసంగంలో తప్పు పడితేనే మనం సవరణ వెయ్యలేదు! కట్టుకథలో కుడేమిటి, ఎడమేమిటి?"

"వెయ్యండి మొస్సియో."

"మతి పోయిందనుకుంటారు."

"అనుకోనివ్వండి. నేనే పేరుస్తాను."

అతను కళ్ళజోడు దించుకుని, సంత ధరలు పేర్చుకోవడానికి వెళ్ళిపోయాడు. ఆమె పట్టీ తీసుకుంది.

తర్వాతి శుక్రవారం జెలీ పత్రిక విప్పి, అలవాటుగా పేజీ అడుగుకు పోయి, కనుబొమలు ముడిచింది. "ఇదేంటి? కథ కంటే ముందు ఇంకేదో ఉందే. 'సవరణ' అట."

"చదువు" అంది ఎవరో.

"'గతవారం మన నవలలో కొడుకు తల్లి మెడ మీద కుడి చెయ్యి పెట్టినట్టు పడింది. అది తప్పు. పెట్టింది ఎడమ చెయ్యి. కుడి చంకలో కట్టెలు ఉన్నాయి. పాఠకులు సరిచేసుకోగలరు.'" జెలీ కాగితం దించింది. "ఓసి దేవుడా! ఈ యులాలీకి పని లేక…"

నవ్వబోయిన ఆడవాళ్ళు నవ్వలేదు. ఏదో లోటుగా అనిపించి అందరూ ఒకేసారి పక్కకు తిరిగారు. ఇన్నేళ్ళుగా వాళ్ళ చెవుల్లో గోడ గడియారంలా ఆడుతూ ఉన్న చప్పుడు లేదు.

అపొలోనీ చేతులు దిండు మీద, తెరుచుకుని, ఊరికే ఉన్నాయి. కండెలు దారాలకు కదలకుండా వేలాడుతున్నాయి.

గోడ దగ్గర యులాలీ రెండు చేతులూ వెనక్కి పెట్టి రాళ్ళను పట్టుకుంది.

"మళ్ళీ చదువు జెలీ" అంది అపొలోనీ.

"కథా?"

"కాదు. అదే."

"ఇది కథ కాదే తల్లీ, సవరణ."

"తెలుసు. చదువు."